ఎంత వేగం, ఎటువైపు



పండుగ దగ్గర పడిందంటే మన ఇళ్ళల్లో ఒక తగువు తప్పదు. ఇవాళా, రేపా? మన గోడ మీది క్యాలెండర్‌లో చవితి ఇవాళ అని ఉంటుంది, పక్కింటివాళ్ళ పంచాంగంలో రేపు అని ఉంటుంది. పురోహితుడికి ఫోను చేస్తే ఆయన ఘడియలు, విఘడియలు లెక్కకట్టి "ఈసారి తగులూ మిగులూ వచ్చిందండీ" అంటాడు. సాయంత్రానికి టీవీలో ఇద్దరు సిద్ధాంతులు కూర్చుని వాదించుకుంటారు. వినేవాళ్ళకు ఇదంతా శాస్త్రుల పట్టుదల వ్యవహారంలా కనిపిస్తుంది. కానీ చిక్కు మొదలయ్యేది ఆకాశంలో. చంద్రుడు రోజూ ఒకే వేగంతో నడవడు.

తిథి అంటే తెల్లవారి తెల్లవారేదాకా ఉండే రోజు కాదు. సూర్యుడి నుంచి చంద్రుడు మరో 12 డిగ్రీలు ముందుకు జరగడానికి పట్టే కాలం. నక్షత్రాల మధ్య సూర్యుడు రోజుకు సుమారు ఒక డిగ్రీ కదిలినట్టు కనబడతాడు. చంద్రుడు సగటున 13 డిగ్రీలు నడుస్తాడు. తేడా 12. అంచేత సగటు తిథి 23 గంటల 37 నిమిషాలు. సగటు మాట అలా ఉంచితే, చంద్రుడు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు, అంటే మూడు లక్షల అరవై వేల కిలోమీటర్ల దాపుల్లోకి వచ్చినప్పుడు, పరుగు పెంచి రోజుకు 15 డిగ్రీలు కూడా దాటేస్తాడు. నాలుగు లక్షలు దాటి దూరంగా పోయినప్పుడు 12 డిగ్రీలు నడవడమే కష్టం. అందుకే ఒక తిథి 20 గంటల్లో అయిపోతే ఇంకోటి 26 గంటలు సాగుతుంది. పొట్టి తిథి ఒక సూర్యోదయం తర్వాత మొదలై మర్నాటి సూర్యోదయం లోపలే ముగిసిపోవచ్చు. అది క్షయ తిథి. పొడుగు తిథి రెండు సూర్యోదయాలనూ తాకవచ్చు. ఇక ఈ పండుగకు సూర్యోదయాన ఉన్న తిథి ముఖ్యమా, మధ్యాహ్నాన ఉన్నదా, రాత్రి ఉన్నదా అనేది ధర్మశాస్త్రం తేలుస్తుంది. అది నా పరిధి కాదు. అక్కడిదాకా ఉన్నదంతా వేగం లెక్క. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ వేగం గురించే.

హైస్కూల్లో భౌతికశాస్త్రం చదివినవాళ్ళకు మాస్టారు చెప్పిన మాట గుర్తుండే ఉంటుంది. వడికి దిక్కు అక్కర్లేదు, వేగానికి దిక్కు కావాలి. గంటకు 60 కిలోమీటర్లు అంటే వడి. గంటకు 60 కిలోమీటర్లు, పడమరకు అంటే వేగం. పరీక్షకు ఇది రెండు మార్కుల ప్రశ్న, పరీక్ష అయ్యాక ఎవరికీ పట్టదు. విజయవాడలో బయల్దేరిన బస్సు హైదరాబాద్ వెళ్ళి మళ్ళీ అదే బస్టాండుకు వచ్చి ఆగిందనుకోండి. చక్రాలు సుమారు 550 కిలోమీటర్లు తిరిగాయి. పుస్తకం ప్రకారం ఆ బస్సు సగటు వేగం సున్నా. డ్రైవరు ముందు ఈ మాట అనకండి. భౌతికశాస్త్రం మాత్రం ఆ సున్నా దగ్గర పట్టు వదలదు, ఎందుకంటే అది అడిగేది ఎంత తిరిగావని కాదు, బయల్దేరిన చోటు నుంచి ఎటు, ఎంత జరిగావని.

పంచాంగం రాసేవాళ్ళకు సగటు వేగం చాలదన్న సంగతి పుస్తకాలకన్నా ముందే తెలుసు. తెలియకపోతే లెక్క కుదరదు మరి. చంద్రుడి రోజువారీ గతిని ఇరవైనాలుగు గంటలకు సగటు కట్టి పంచుకుంటే తిథి ముగిసే ఘడియ తప్పుతుంది, ఆ రోజులోనే వేగం మారిపోతోంది కాబట్టి. 1150లో సిద్ధాంత శిరోమణి రచించిన భాస్కరాచార్యుడు ఇక్కడ తాత్కాలిక గతి అనే భావన వాడాడు. ఈ రోజు సగటున ఎంత అని కాదు, ఈ క్షణాన ఎంత అని. న్యూటన్, లైబ్నిజ్ కలన గణితం కట్టింది ఆ తర్వాత అయిదు వందల ఏళ్ళకు. దీన్ని పట్టుకుని కలన గణితమంతా మనవాళ్ళే ముందు కనిపెట్టేశారని ఊరేగడం నాకు ఇష్టం ఉండదు. ఆయన చేసింది ఒక నిర్దిష్టమైన చిక్కుకు నిర్దిష్టమైన జవాబు. కానీ ఆ చిక్కు ఉందని పట్టుకోవడమే గొప్ప. మన కారు స్పీడోమీటరు ముల్లు ఇవాళ చూపేది అలాంటి తాత్కాలిక గతే.

పంచాంగంలోనే ఇంకో మాట ఉంది: వక్రించడం. శని వక్రించాడు, కుజుడు వక్రించాడు అని వింటూ ఉంటాం. నక్షత్రాల నేపథ్యం మీద గ్రహం మామూలుగా తూర్పు వైపు జరుగుతూ, కొన్నాళ్ళు ఆగినట్టై, వెనక్కి మళ్ళి, మళ్ళీ ఆగి, ముందుకు సాగుతుంది. శని ఏటా నాలుగున్నర నెలలు ఇలా వెనక్కి నడుస్తాడు. నిజానికి శని ఎక్కడా ఆగలేదు, వెనక్కి తిరగలేదు. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుడి చుట్టూ తిరుగుతోంది. శని సెకనుకు పది కిలోమీటర్లకు కాస్త తక్కువ. లోపలి బాటలో మనం అతణ్ణి దాటి ముందుకు పోయే నెలల్లో అతని వేగంలోంచి మన వేగం తీసేస్తే మిగిలేది మైనస్. గణితంలో రుణ వేగం అంటామే, దానికి ఆకాశంలో ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. ఏలినాటి శని ఏడున్నరేళ్ళు ఎందుకో కూడా శని వేగంలోంచే తేలుతుంది. శని రాశిచక్రం చుట్టి రావడానికి ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళు పడుతుంది. పన్నెండు రాశులకు పంచితే ఒక్కో రాశికి రెండున్నరేళ్ళకు దగ్గర. జన్మరాశికి ముందుది, జన్మరాశి, తర్వాతది, మూడు రాశులు. ఫలితాల సంగతి నమ్మినవాళ్ళకు వదిలేద్దాం. అంకె మాత్రం శని సగటు గతి నుంచి వచ్చిందే.

అయితే ఎవరు చూస్తే ఆ వేగం? 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు పడవలో ముందుకు పోయేవాడికి ఒడ్డున కదలనివన్నీ వెనక్కి పోతున్నట్టు కనబడతాయని చెప్పి, స్థిరంగా ఉన్న నక్షత్రాలు పడమరకు కదులుతున్నట్టు కనిపించడమూ అలాంటిదేనన్నాడు. భూమే తన చుట్టూ తాను తిరుగుతోందని చెప్పడానికి. ఈ ప్రసంగం వింటూ విజయవాడలో మీరు కుర్చీలో కదలకుండా కూర్చున్నా, భూమితో పాటు గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతున్నారు. కుర్చీతో పోలిస్తే సున్నా, భూమి కేంద్రంతో పోలిస్తే 1,600. రెండూ నిజమే. దేనితో పోల్చి అన్నది చెప్పకుండా వేగం చెబితే అది సగం మాట.

మనం ఊరికే పొందుతున్న ఆ తూర్పు వేగాన్ని డబ్బు చేసుకునే చోటు మన రాష్ట్రంలోనే ఉంది. శ్రీహరికోట భూమధ్యరేఖకు దగ్గర, తూర్పున సముద్రం. అక్కడ నిలబడి ఉన్న రాకెట్‌కు ఇంజను వెలిగించకముందే భూభ్రమణం వల్ల సెకనుకు సుమారు 450 మీటర్ల వేగం తూర్పు వైపు ఉంటుంది. సమాచార ఉపగ్రహాలను మోసే రాకెట్లు తూర్పుకే పోతాయి కాబట్టి ఆ కానుక వాటికి అందుతుంది. భూమిని ఫొటోలు తీసే ఉపగ్రహాల సంగతి వేరు. అవి ధ్రువాల మీదుగా ఉత్తర దక్షిణంగా తిరగాలి. వాటికి ఆ తూర్పు వేగం పనికిరాకపోగా అడ్డం. పైగా సరిగ్గా దక్షిణానికి వదులుదామంటే దారిలో శ్రీలంక. రాకెట్ విడిచిపెట్టే ఖాళీ దశలు జనం మీద పడకూడదు. అందుకని ఈ ఉపగ్రహాలను మోసే ఇస్రో రాకెట్ పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, శ్రీలంకను తప్పించుకుని, ఆ తర్వాత దక్షిణానికి మళ్ళుతుంది.

ఈ మలుపు దగ్గర కాసేపు ఆగుదాం. రోడ్డు మీద బండి మలుపు తిప్పడానికి మనకు ఖర్చేమీ తెలియదు, రోడ్డు ఆ పని చేసిపెడుతుంది. శూన్యంలో రోడ్డు లేదు. దిక్కు మార్చాలంటే ఇంధనం కాల్చాలి. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగంతో కక్ష్యలో పోతున్న వస్తువును, ఆ వడి పిసరంత పెంచకుండా తగ్గించకుండా, పక్కకు 60 డిగ్రీలు మళ్ళించాలంటే మళ్ళీ ఏడున్నర కిలోమీటర్ల వేగానికి సరిపడా ఇంధనం కావాలి. అంటే దాన్ని కక్ష్యలోకి ఎక్కించినంత పనీ మొదటి నుంచి చేసినట్టే. వడి మీటరు ఒక్కటే చూసేవాడికి ఏమీ జరగలేదు. ఇంధనం ట్యాంకు చూసేవాడికి అంతా అయిపోయింది. పీఎస్‌ఎల్‌వీ పూర్తి వేగం అందుకోకముందే మళ్ళుతుంది కాబట్టి ఖర్చు అంత కాదు. అయినా ఆ మేరకు మోసుకెళ్ళే ఉపగ్రహం బరువు తగ్గించుకోక తప్పదు. చిన్న రాకెట్‌కు ఆ నష్టం మరీ భారం. తమిళనాడులో తూత్తుకుడి జిల్లా కులశేఖరపట్నంలో ఇస్రో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన జరిగిందని వినే ఉంటారు. శ్రీహరికోట ఉండగా ఇంకోటి ఎందుకని చాలామంది అడిగారు. కులశేఖరపట్నం నుంచి తిన్నగా దక్షిణానికి వదలొచ్చు, శ్రీలంక అడ్డు రాదు. ఒక కొత్త రాకెట్ కేంద్రం కట్టడానికి వేగంలో ఉన్న ఆ దిక్కు ఒక కారణమైంది.

రాకెట్ల దాకా వచ్చాం కాబట్టి చంద్రుడి మీద దిగడం గురించీ చెప్పాలి. 2019 సెప్టెంబరులో చంద్రయాన్-2 విక్రమ్ ల్యాండర్ కూలిపోయిన రాత్రి చాలామందికి గుర్తుంది. వేగం తగ్గించలేకపోయిందనే అందరూ అనుకున్నారు. తర్వాత పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన వివరణ వేరుగా ఉంది. మొదటి దశలో, 30 కిలోమీటర్ల ఎత్తు నుంచి 7.4 కిలోమీటర్ల దాకా, సెకనుకు 1,683 మీటర్ల నుంచి 146 మీటర్లకు వేగం అనుకున్నట్టే తగ్గింది. రెండో దశలో వేగం అనుకున్నదానికన్నా ఎక్కువ తగ్గింది. ఎక్కువ తగ్గడం తప్పెలా అయింది? అక్కడ వేగం ఒక్క అంకె కాదు. నేలకు సమాంతరంగా ఉన్న వేగాన్ని దాదాపు సున్నా చెయ్యాలి, కిందికి దిగే వేగాన్ని నెమ్మదిగా తగ్గించాలి, ఈ రెండూ జరుగుతుండగా దిగాల్సిన చోటు కాళ్ళ కింద ఉండాలి. ఒకదాంట్లో తేడా వస్తే ల్యాండర్ దాన్ని సరిదిద్దడానికి ఒళ్ళు తిప్పుకోవాలి, తిప్పుకునే కొద్దీ ఇంజన్ల తోపు ఇంకో దిక్కుకు పోతుంది.

అందుకే చంద్రయాన్-3లో ల్యాండర్ కాళ్ళను సెకనుకు 3 మీటర్ల దెబ్బ తట్టుకునేలా గట్టిపరచడంతో పాటు ఒక కొత్త పరికరం పెట్టారు. లేజర్ డాప్లర్ వెలాసిటీ మీటర్. అంతకుముందు వేగాన్ని చాలావరకు త్వరణాల నుంచి లెక్కగట్టుకోవాల్సి వచ్చేది, ఆ లెక్కలో చిన్న పొరపాట్లు కుప్పపడతాయి. ఇది లేజర్ కిరణాలను చంద్రుడి నేల మీదికి పంపి, తిరిగొచ్చిన కాంతి పౌనఃపున్యంలో మార్పు చూసి, నేలతో పోలిస్తే తన వేగం ఏ దిక్కున ఎంతో నేరుగా చెబుతుంది. 2023 ఆగస్టు 23 సాయంత్రం ల్యాండర్ కాళ్ళు నేలకానిన క్షణానికి ముందు ఆ కొలత మీదే చాలా ఆధారపడి ఉంది.

అదే డాప్లర్ సూత్రం జిల్లా కేంద్రంలోని ఏ గుండె ఆసుపత్రిలోనైనా ఉంది. ఎకో తీయించుకున్నవాళ్ళు తెర మీద ఎరుపు, నీలం రంగులు మెరవడం చూసి ఉంటారు. ఎరుపు మంచి రక్తం, నీలం చెడు రక్తం అని పక్కన కూర్చున్న బంధువులు వివరిస్తూ ఉంటారు కూడా. అది కాదు సంగతి. ఛాతీ మీద పెట్టిన ప్రోబు వైపు వస్తున్న రక్తానికి ఎరుపు, దాని నుంచి దూరంగా పోతున్నదానికి నీలం. దిక్కుకు వేసిన రంగులవి. గుండె నుంచి పెద్ద ధమనిలోకి రక్తం వెళ్ళే కవాటం బిగుసుకుపోతే ఆ ఇరుకులోంచి రక్తం దూసుకుపోతుంది. ఆ వేగం సెకనుకు 4 మీటర్లు చేరితే తీవ్రమైన జబ్బుగా లెక్క. డాక్టరు ఆ అంకెను వర్గం చేసి నాలుగుతో గుణిస్తాడు. 64. కవాటానికి అటూ ఇటూ ఉన్న పీడనంలో తేడా మిల్లీమీటర్ల పాదరసంలో వచ్చేసింది, గుండెలోకి గొట్టం పెట్టి కొలవకుండానే. అయితే ప్రోబు రక్తపు ధారకు సరిగ్గా అడ్డంగా ఉంటే యంత్రం సున్నా చూపిస్తుంది. ఏటవాలుగా ఉంటే అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. అందుకే ఎకో చేసేవాళ్ళు ప్రోబును పక్కటెముకల మధ్య ఒకసారి, మెడ కింది గుంటలో ఒకసారి పెట్టి, వంచి, తిప్పి, వచ్చినవాటిలో పెద్ద అంకెను తీసుకుంటారు. రోడ్డు పక్కన పోలీసుల స్పీడ్ గన్‌కూ ఇదే లోపం ఉంది, కాకపోతే అక్కడ ఆ లోపం మనకు లాభం.

రక్తపు ధార నుంచి నదికి వద్దాం. వానాకాలంలో ఇదే రేడియోలో గోదావరి వార్తలు వింటారు కదా. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గరకు వచ్చేసరికి లక్షల క్యూసెక్కుల్లో చెబుతారు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అది తెలియాలంటే నది అడ్డుకోత వైశాల్యాన్ని నీటి వేగంతో గుణించాలి. ఇక్కడ ఒక తమాషా ఉంది. వరద ఉధృతి పోయే వేగం, నీరు పోయే వేగం ఒకటి కావు. వెడల్పాటి నదుల్లో లెక్క ప్రకారం ఉధృతి నీటికన్నా ఒకటిన్నర రెట్లకు పైగా వేగంగా కిందికి దిగుతుంది. భద్రాచలంలో మట్టం గరిష్ఠంగా ఉన్నప్పుడు నదిలో పడిన దుంగ ధవళేశ్వరం చేరేసరికి అక్కడ ఉధృతి దాటిపోయి నీరు తగ్గుముఖం పట్టి ఉంటుంది. కరెంటు సంగతీ అలాంటిదే. స్విచ్ వేయగానే బల్బు వెలుగుతుంది, తీగలోని ఎలక్ట్రాన్లు మాత్రం సెకనుకు ఒక మిల్లీమీటరు కూడా జరగవు. వేగం అనగానే కదులుతున్నది ఏదో కూడా అడగాలన్నమాట.

ఇక భౌతికశాస్త్రం దాటి వెళ్దాం. ఆర్థికశాస్త్రంలో డబ్బు చలామణీ వేగం అని ఒకటుంది. అమెరికన్ ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1911లో దాన్ని ఒక సమీకరణంలో పెట్టాడు. ఉన్న డబ్బును అది చేతులు మారే సార్లతో గుణిస్తే, జరిగిన లావాదేవీల మొత్తం విలువ వస్తుంది. వారపు సంతలో అయిదు వందల నోటు ఒకటి పొద్దున కూరగాయలావిడ చేతికొచ్చి, ఆమె నుంచి ఎండుచేపల అంగడికి, అక్కడి నుంచి చీరల మూటవాడికి, అతన్నుంచి ఆటోకి పోతే ఒక్క నోటు నాలుగు బేరాలు నడిపింది. 2016 నవంబరు 8 రాత్రి పాత అయిదు వందలు, వెయ్యి నోట్లు చెల్లవన్నప్పుడు దేశంలోని నోట్ల విలువలో 86 శాతం పోయింది. పోయిన డబ్బు గురించే అందరం మాట్లాడుకున్నాం. ఏటీఎం ముందు నిలబడి కొత్త రెండు వేల నోటు తెచ్చుకున్నవాడు చిల్లర దొరక్క దాన్ని జేబులోనే ఉంచుకున్నాడు. డబ్బు వచ్చింది, కదల్లేదు. 1923లో జర్మనీలో దీనికి తలకిందులుగా జరిగింది. జీతం చేతికి రాగానే జనం దుకాణాలకు పరుగు తీశారు, సాయంత్రానికి ఆ కాగితం విలువ పడిపోతుందని. చలామణీ వేగం పెరిగి ధరలను ఇంకా ఎగదోసింది.

ఫిషర్ సమీకరణంలోని వేగానికి దిక్కు లేదు. సంతలో నాలుగు చేతులు మారిన నోటూ, నగరంలో నలుగురు పెట్టుబడిదారుల మధ్య నాలుగుసార్లు తిరిగిన అంతే డబ్బూ అక్కడ సమానం. దేశం మొత్తం మీద లెక్క తేల్చడానికి అది చాలు. కూరగాయలావిడ సాయంత్రం ఏం కొనుక్కుపోయిందో తెలుసుకోవడానికి చాలదు. ఆర్థికవేత్తలు దీనికి చలామణీ రేటు అని పేరు పెట్టి ఊరుకుని ఉంటే నాకు పేచీ ఉండేది కాదు.

దిక్కు ఇంకా పూర్తిగా ఎగిరిపోయిన చోటు ఒకటుంది. హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ అమెరికాలోనూ మన పిల్లలు వేలాదిమంది రోజూ వాడే మాట అది: జట్టు వెలాసిటీ. సాఫ్ట్‌వేర్ పనిని రెండు వారాల స్ప్రింట్లుగా విడగొట్టి, ఒక్కో పనికి అది ఎంత కష్టమో అంచనా వేసి పాయింట్లు ఇస్తారు. స్ప్రింట్ ముగిశాక పూర్తయిన పనుల పాయింట్లు కూడితే జట్టు వెలాసిటీ. వచ్చే రెండు వారాల్లో ఎంత పని నెత్తిన వేసుకోవచ్చో జట్టు తానే అంచనా వేసుకోవడానికి పుట్టిన కొలత అది. అంతవరకు మంచి పనిముట్టే. పై అధికారి దాన్ని మార్కుల కార్డులా చూడ్డం మొదలుపెట్టగానే కథ మారుతుంది. పోయినసారి 40, ఈసారి 50 రావాలి అంటాడు. మూడు పాయింట్ల పనికి అయిదు వేసేస్తారు. వెలాసిటీ పెరుగుతుంది, పని అంతే ఉంటుంది. ఎవరూ వాడని మీట ఒకటి తయారు చేసినా పాయింట్లు పాయింట్లే. ఈ పాయింట్ల పద్ధతికి ఆద్యుల్లో ఒకరిగా చెప్పుకునే రాన్ జెఫ్రీస్ 2019లో వాటి గురించి మళ్ళీ రాస్తూ, వాటిని తానే కనిపెట్టి ఉండవచ్చని, అదే నిజమైతే ఇప్పుడు విచారిస్తున్నానని ఒప్పుకున్నాడు.